బండమీది దొర

మదనపల్లెలో బస్సెక్కి తంబళ్లపల్లె దారి పట్టిన తరువాత, కిటికీ పక్కన చోటు దొరికినవారికి పొద్దు పోవడం కష్టం కాదు. ఆ దారిలో చేలకన్నా రాళ్లే ఎక్కువ కనిపిస్తాయి. ఏనుగు మోకరించినట్లు ఒక గుండు, దాని నెత్తిన ఎవరో పనిగట్టుకొని నిలబెట్టినట్లు ఇంకొక గుండు, ఆ రెంటి సందున రాతిని చీల్చుకొని వచ్చిన ఒక మర్రిమొక్క. చింతతోపు దాటితే మళ్లీ గుండ్లు. దూరాన మల్లయ్యకొండ. దేవుడు లోకాన్ని కట్టగా మిగిలిన రాళ్లన్నీ తెచ్చి ఇక్కడ కుమ్మరించిపోయాడేమోనని చిన్నప్పుడు అనుకొనేవాణ్ణి.

మా అక్కయ్యను ఇచ్చింది తంబళ్లపల్లె దగ్గరి పల్లెకే. మొన్న ఎండాకాలం చివర, తొలకరి నాలుగు చినుకులు రాలిన తరువాత, చూచి రావడానికి పోయాను. కాళ్లు కడుక్కొని మజ్జిగ తాగుతున్నానో లేదో, మా మేనల్లుడు పెరటిలోనుంచి ఒక్క పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకొని లాగాడు.

"మామా, బిరీన రా! వెనక గుండుమీద ఒక తొండ ఉంది. దాని వీపు ఎట్లా ఎర్రగా ఉందో చూద్దువుగాని!"

వాడి రెండో చేతిలో ఉండేలు ఉంది. ముందు దాన్ని నా జేబులో వేసుకొని, తరువాత వాడి వెంట నడిచాను.

ఇంటి వెనక, వేరుశనగ చేనికి ఇవతల, రెండు నిలువుల ఎత్తు గుండు ఒకటి ఉంది. దాని కొసన, సరిగ్గా అందరికీ కనిపించేచోట, ఒక తొండ కూచొని ఉన్నది. తలనుంచి తోక మొదలు వరకు వీపంతా కుంకుమ పూసినట్లు ఎరుపు. ఆ ఎరుపు కింద రెండు పక్కలా, పొట్టా కాళ్లూ, కాటుకలాంటి నలుపు. మేము ఇరవై అడుగుల దూరంలో నిలబడగానే అది తల ఎత్తి, ముందుకాళ్లమీద లేచి, దిగి, మళ్లీ లేచింది. తాలింఖానాలో పహిల్వాను దండీలు తీసినట్లే. "చూడు, మనకు దండం పెడుతోంది" అన్నాడు మా వాడు. అది దండమూ కాదు, మనకూ కాదు. "ఈ గుండు నాది, దాపులకు రావద్దు" అని దాని భాషలో ఇంకొక మగతొండకు చెబుతున్న మాట అది.

ఇది మనం పెరట్లో కంచెలమీద చూచే తొండ కాదు. దీన్ని రాతితొండ అనవచ్చు. దక్షిణ హిందూస్థానంలో గుట్టలూ బండలూ ఉన్న చోట్ల ఇది కనిపిస్తుంది. తూర్పు కనుమలలో ఉత్తరంగా పోయినకొద్దీ దీని దాయాది ఇంకొక జాతి ఉన్నది. 1831లో ఇంగ్లీషు జంతుశాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. ఇప్పుడు వ్యవహరించే పేరు సామోఫిలస్ డార్సాలిస్. గ్రీకు భాషలో సామోఫిలస్ అంటే ఇసుకను ప్రేమించేది అని అర్థం. బండ విడిచి కదలని జీవికి ఇసుక పేరు! మన ఇళ్లలో నల్లపిల్లకు గౌరి అని పేరు పెట్టడంలేదూ, అట్లాగే అనుకొందాం.

మగది తోక మినహాయిస్తే అయిదు అంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. తోక దానికన్నా పొడవు. ఆడది అంతకన్నా బాగా చిన్నది. దాని ఒంటిమీద ఎరుపూ లేదు, కాటుకా లేదు. రాతిరంగు మీద నల్లని, తెల్లని చుక్కలు. పక్కనే ఉన్నా మన కంటికి ఆనదు. మేము చూచిన గుండుమీదే ఒక ఆడది ఉండగా, మేనల్లుడు వేలు పెట్టి చూపించేదాకా నాకు తెలియలేదు. నా కళ్లజోడు కొత్తదే సుమా.

ఇక రంగుల సంగతి. "తొండ ముదిరి ఊసరవెల్లి అయింద"ని మనవారు సామెత చెబుతారు. అన్నవారు ఏ మనిషిని తలచుకొని అన్నారో కాని, రాతితొండ ముదరనక్కరలేదు, ఊసరవెల్లి కానక్కరలేదు. తనంతట తానే రంగులు మార్చగలదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో, అంటే మన పెద్దలు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే చోట, అనూరాధా బటబ్యాల్, మరియా ఠాకర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ రంగులను పరిశీలించి 2017లో ప్రకటించారు. వారు తేల్చింది చిత్రంగా ఉంటుంది. మగతొండకు వేళకొక వేషం ఉన్నది. ఆడదాని ఎదుట నిలిచినప్పుడు వీపు ఎర్రబారుతుంది, పక్కలు నల్లబడతాయి. ఇంకొక మగది ఎదురుపడితే వీపు పసుపుపచ్చ, పక్కలు నారింజ రంగు. పెళ్లిచూపులకు ఒక అంగవస్త్రం, కోర్టు పేషీకి ఇంకొక అంగవస్త్రం అన్నమాట. పెళ్లిచూపుల వేషంలో రంగుకూ రంగుకూ తేడా కొట్టొచ్చినట్లు ఉంటుంది. జగడం వేషంలో తేడాకన్నా వేగం ముఖ్యం. ఎదుటివాడు మీదికి వచ్చేలోగా రంగు మారాలిగదా! మనకు చొక్కా మార్చుకోవడానికి పట్టే సమయంలోనే ఇదంతా జరిగిపోతుంది.

ఇంత రంగు వేసుకొని గుండు కొసన కూచోవడం ప్రాణాపాయం. ఆకాశంలో డేగ ఉంటుంది, బండ సందున పాము ఉంటుంది, కింద ముంగిస ఉంటుంది. బల్లి అయితే ప్రాణం మీదికి వచ్చినప్పుడు తోక తెంపి పారేసి పోతుంది; మళ్లీ మొలిపించుకొంటుంది. తొండకు ఆ విద్య లేదు. ఉన్నది పరుగు ఒక్కటే. అందుకనే పని తీరగానే రంగు దింపుకొని రాతిలో రాయిగా కలిసిపోతుంది. ఎప్పుడూ ఎర్రగా ఉండే వీపైతే ఈ జాతి ఇన్నాళ్లు మిగిలేది కాదేమో.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ తొండల జీవితాన్ని ఓపికగా, ఏళ్ల తరబడి చూచిన చోటు ఏ పరదేశమో కాదు. మదనపల్లెకు దగ్గరి రిషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తిగారు పెట్టిన విద్యాలయం ఉన్న లోయ అది, చుట్టూ గుట్టలు. కృష్ణమూర్తిగారు పుట్టిందీ మదనపల్లెలోనే, 1895లో. అక్కడి పక్షులను చూడడానికి వచ్చేవారు చాలామంది ఉన్నారు గాని, తొండలకోసం వచ్చినవారూ ఉన్నారని మనలో ఎందరికి తెలుసు? భారతీయ విజ్ఞాన సంస్థకే చెందిన శ్రీకాంత్ దేవధర్, కవితా ఈశ్వరన్ ఆ లోయ బండలమీద తొండలకు గుర్తులు వేసి, ఏది ఏ గుండుమీద కూచుంటున్నది, ఏది ఎన్నిసార్లు దండీలు తీస్తున్నది, ఏది ఎన్నాళ్లు బ్రతికింది అని లెక్క రాసుకొన్నారు. ఎండలో బండమీద నిలబడి తొండకు చిత్రగుప్తుడి పని చెయ్యడం ఎంత కష్టమో, ఒక్క మధ్యాహ్నం నిలబడి చూస్తే మనకు తెలుస్తుంది. నేను అరగంట నిలబడి లోపలికి వచ్చి పడుకొన్నాను.

ఆ లెక్కల్లో నాకు మనసు చివుక్కుమన్న సంగతి ఒకటి ఉంది. ఈ దొరకు ఆయుష్షు లేదు. ఎండాకాలంలో రంగు తెచ్చుకొని, గుండు గెలుచుకొని, వానకాలమంతా దాన్ని కాచుకొన్న మగవాటిలో చాలాభాగం మరుసటి ఏడు ఎండాకాలానికి ఉండవు. ఒక్క రుతువు రాజ్యం. ఆ ఒక్క రుతువులోనే జగడాలు, పెళ్లిళ్లు, సంతానం అన్నీ ముగియాలి. అందుకే ఆ తొందర. గుండు కొసమీద ఉన్న మగదానికి, కిందనుంచి ఎప్పుడు పైకి వద్దామా అని చూచే మగవి ఎన్నో.

ఆడది వాన పడి మెత్తబడ్డ నేలలో బొరియ తవ్వి గుడ్లు పెట్టి, మన్ను కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్లకు తల్లి ఎవరో తెలియదు, తండ్రి ఎవరో తెలియదు. తెలిసినవల్లా చీమ, రాతిసందు. అంగుళమంత ఉండి అది వచ్చిన రోజునుంచే తన తిండి తానే చూచుకొంటుంది. చీమలూ, పేడపురుగులూ, మిడతలూ తినే ఈ జాతివలన చేనివారికి లాభమేగాని నష్టం లేదు. కరిస్తే విషమూ లేదు. అయినా మన పిల్లల ఉండేళ్లకు ముందు దొరికేది ఇదే.

మనుషులకు దగ్గరగా ఉన్నకొద్దీ ఇది తెలివి నేర్చుకొంటుందట. బటబ్యాల్, ఠాకర్ 2019లో చేసిన ఇంకొక పరీక్ష చెబుతాను. బెంగుళూరు శివార్లలోని రాతితొండలను, పల్లె గుట్టలమీది రాతితొండలను తెచ్చి, దాక్కోవడానికి రెండేసి చోట్లు పెట్టారు. ఒకటి నిజంగా క్షేమం. రెండోదానిలో దూరితే రక్షణ లేదు. పదేపదే తరిమి చూచారు. ఏది క్షేమమో శివారు తొండలు త్వరగా పసిగట్టాయి. పల్లె తొండలకు ఆలస్యమైంది. మా బావ ఇది విని, "పట్నంపోయిన పిల్లలూ అంతే" అన్నాడు. పట్నంపోయినవాణ్ణి నేనే కాబట్టి మాట పెంచలేదు.

తొండతో ఈ కథ అయిపోయిందనుకొన్నారా? గుండు నెత్తిమీది దొరను చూచాం. గుండు పొట్టకింద ఉన్నవారిని ఇంకా చూడలేదు.

ఈ ప్రాంతపు రాయి సామాన్యమైంది కాదు. సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందట భూగర్భంలో కరిగిన ముద్ద చల్లారి గట్టిపడ్డ నల్లసేనపు రాయి, అంటే గ్రానైటు. మీదిమన్నంతా యుగాల తరబడి కొట్టుకుపోగా బయటపడింది. ఎండకు ఉబ్బి, రాత్రి చలికి ముడుచుకొని, ఉల్లిపాయ పొరలు ఊడినట్లు దీని పెచ్చులు లేస్తాయి. పెచ్చుకూ బండకూ నడుమ అరంగుళం సందు. బయట కాలు పెట్టలేని ఎండగా ఉన్నా ఆ సందు లోపల చల్లగా, కాస్త చెమ్మగా ఉంటుంది. బండకు చెయ్యి ఆనించి ఆ సందు దగ్గర చెంప పెట్టి చూడండి, తెలుస్తుంది. తేలు లేదని చూచుకొని మరీ.

ఆ సందుల్లో ఒక చిన్న బల్లి ఉంటుంది. తోక తీసేస్తే మన చిటికెన వేలంత. మన గోడమీది బల్లి రాత్రి పూట దీపం దగ్గర వేటాడుతుంది. దాని కంటిపాప పిల్లికన్నులా నిలువు గీత. ఈ బండబల్లి పగటి జీవి. దీని కంటిపాప గుండ్రం. గోడబల్లికి వేళ్లకింద అంటుకొనే మెత్తలు ఉంటాయి. దీనికి అవి లేవు, సన్నని వేళ్లూ, గోళ్లూ మాత్రమే. రాతిరంగులో రాతికి అంటుకొని, నీడలో నీడలాగా తిరుగుతుంది. శాస్త్రజ్ఞులు దీని కుటుంబంలోని ఈ శాఖను నెమాస్పిస్ అంటారు.

2020లో ఈశాన్ అగర్వాల్, తేజస్ ఠాక్రే, అక్షయ్ ఖాండేకర్ అనే ముగ్గురు రిషివ్యాలీ బండల్లో ఉన్న బల్లి లోకంలో ఇంతకుముందు ఎవరూ నమోదు చెయ్యని జాతి అని తేల్చి, దానికి నెమాస్పిస్ రిషివ్యాలియెన్సిస్ అని పేరు పెట్టారు. మదనపల్లె తాలూకా లోయ ఒకటి ఒక జీవి పేరులో శాశ్వతంగా నిలిచిపోయింది! అదే సంవత్సరం ఆ ముగ్గురూ, సౌనక్ పాల్ అనే నాలుగో ఆయనా కలిసి ఇంకొక మూడు జాతులను ప్రకటించారు. కోలారు వైపు రాళ్లలోనిదానికి 'బంగార' అని పేరు పెట్టారు. బంగారు గనుల సీమగదా. తమిళదేశపు ఏలగిరి కొండదానికి ఆ కొండ పేరే. మూడవది మన ఆంధ్రప్రదేశ్‌ది. దానికి గ్రానైటులో కాపురముండేది అని అర్థం వచ్చేట్లు గ్రానిటికోలా అని పేరు. మా తంబళ్లపల్లె తాలూకాలు 2022 దాకా చిత్తూరు జిల్లా. తరువాత అన్నమయ్య జిల్లాలో కలిపారు. మనం ఎన్నిసార్లు జిల్లాలు మార్చుకొన్నా ఆ బల్లి మాత్రం తన బండ మారలేదు.

మారలేదు అన్నది ఊరికే అన్న మాట కాదు. ఈ శాఖలోని బల్లులకు సాధారణంగా చెమ్మా, అడవీ కావాలి. పడమటి కనుమల వానలలో, సింహళంలో ఇవి రకరకాలుగా ఉన్నాయి. మరి వాన మొహం ఎరగని ఈ మెట్టసీమకు ఎట్లా వచ్చాయి? ఆ నలుగురు చెప్పే జవాబు ఇది. రాలేదు, ఇక్కడే ఉండిపోయాయి. మయోసీన్ అనే యుగంలో, అంటే 2 కోట్ల 30 లక్షల ఏళ్లకూ 50 లక్షల ఏళ్లకూ నడుమ, వీటి వంశం తక్కిన బంధువులనుంచి చీలిపోయింది. కాలక్రమాన దేశం ఎండుతూ వచ్చింది, అడవి వెనక్కి తగ్గింది. ఈ బల్లులు మాత్రం గుండ్ల సందుల్లోని చల్లదనాన్ని పట్టుకొని నిలబడ్డాయి. గుండు బయట యుగం మారిపోయింది. గుండు లోపల పాతకాలం అరంగుళం మిగిలింది. ఒక గుట్టనుంచి ఇంకొక గుట్టకు ఎండలో నడిచి పోలేవు కాబట్టి, ఏ గుట్టలవారు ఆ గుట్టల్లోనే ఉండి వేరువేరు జాతులైపోయారు. సముద్రంలో దీవుల మాదిరిగా మెట్టలో ఈ గుట్టలు.

పంచాంగంలో బల్లిశాస్త్రం చూడని ఇల్లు మనలో తక్కువ. కంచికి పోయి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వచ్చినవారం కూడా. మన ఇంటివెనక గుండు కింద ఇన్ని లక్షల ఏళ్ల బల్లి ఉన్నదంటే మాత్రం, "అట్లనా" అని ఊరుకొంటాం. నేనూ అంతే. ఇది చదివేదాకా ఆ సందులో ఒక్కనాడూ తొంగిచూచిన పాపాన పోలేదు.

ఇక మా అక్కయ్యగారి గుండు సంగతి. రాత్రి భోజనాలు అయిన తరువాత బావ మంచంమీద వెల్లకిలా పడుకొని మెల్లగా బయటపెట్టాడు. ఆ గుండును కొట్టడానికి ఒక కంట్రాక్టరు వచ్చి బేరమాడి పోయాడట. కంకరకు పనికివస్తుందట. మందు పెట్టి పేల్చి, రాయి తీసుకుపోయి, చేను చదును చేసి ఇస్తాడు. పైన కొంత సొమ్ము ముట్టజెబుతాడు. కుప్పం పక్క పచ్చరాయి పరదేశాలకు పోయి మేడల్లో పరుస్తున్నారు. మా గుండుకు అంత యోగం లేదు, రోడ్డుకింద కంకరే.

"బావా, అందులో ఏముందో తెలుసునా?" అని నేను పగలంతా చదివిందీ చూచిందీ చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"సరేనోయ్. మీ బల్లి కోటి ఏండ్లు ఉండింది, కాదనను. మా పెద్దపిల్ల ఫీజు మాత్రం ఆషాఢంలో కట్టాల. శనక్కాయ గత ఏడు మునిగింది. తొండలకోసం బండ నిలుపుకోమని ఏ బ్యాంకువాడు అప్పిస్తాడు?"

నాకు జవాబు లేదు. ఆ మాటకు జవాబు ఉన్నవాణ్ణి నేను ఇంతదాకా చూడలేదు. రోడ్లు కావాలి, కంకర కావాలి, పిల్ల చదువూ కావాలి. గుండు ఒకటి పోతే తొండ ఇంకొక గుండు చూచుకొంటుంది. దానికి కాళ్లున్నాయి, దేశమంతా చుట్టాలున్నారు. సందులోని బల్లి ఆ పని చెయ్యలేదు. పెచ్చు పగిలిన రోజే దాని చల్లదనం పోతుంది. ఒక్క గుండుతో జాతి పోదు. కాని ఈ గుట్టనుంచి ఆ గుట్టదాకా మర పెట్టుకుంటూ పోతే, ఆ గుట్టలోనే ఉన్న జాతి ఎక్కడికి పోవాలి? చెట్టు కొట్టినచోట చెట్టు నాటవచ్చు. గుండు కొట్టినచోట గుండు నాటడం బ్రహ్మకు కూడా చేతకాదు.

మా అక్కయ్య అంతసేపూ తమలపాకులు తుడుస్తూ వింటూ ఉన్నది. "పేలిస్తే దుమ్మంతా బావిలో పడదా? గోడలు బీటలు వారవా?" అన్నది. బల్లికోసం నేను గంటసేపు చెప్పినది ఎక్కని చోట ఆ బావి మాట ఎక్కింది. బావ లేచి కూచున్నాడు. కాసేపు ఆలోచించి, "దసరా కానీ, చూద్దాం" అన్నాడు.

మరునాడు బస్సుకు బయలుదేరబోతూ వెనకకు పోయి చూచాను. మేనల్లుడు అప్పటికే అక్కడ ఉన్నాడు, ఉండేలు లేకుండానే. కంట్రాక్టరు మనుషులు గుండు నడుమ తెల్లసున్నంతో పెద్ద అడ్డగీత గీసి పోయారు. మందు పెట్టవలసిన చోటుకు గుర్తు. సరిగ్గా ఆ తెల్లగీతమీద కూచొని ఉన్నది మా తొండ. ఎదురుగా గోడమీద ఇంకొక మగది కొత్తగా వచ్చినట్లుంది. మేము చూస్తుండగానే దాని వీపుమీది ఎరుపు పలచబడి పసుపుపచ్చకు తిరిగింది.

"మామా, దసరాకు ఇది ఉంటుందా?" అని అడిగాడు వాడు.

"ఇది ఉండకపోవచ్చురా. దీని పిల్లలు ఉంటాయి" అన్నాను.

వాడు గుండునూ, గీతనూ ఒకసారి చూచి, నా జేబువైపు చెయ్యి చాపాడు. ఉండేలు ఇచ్చేశాను. దాని రబ్బరు విప్పి, ఆ కర్రతో సున్నపుగీతను గీకడం మొదలుపెట్టాడు. తొండ నాలుగడుగులు పైకి జరిగి, దండీలు తీస్తూ ఉన్నది.